కంప్యూటర్ తీసేయలేదు భాయ్, మనిషే తీసేశాడు

"కంప్యూటర్ తీసేసింది భాయ్, మేమేం చేస్తాం?"

రేషన్ షాపు దగ్గరో, స్కాలర్‌షిప్ కౌంటర్ దగ్గరో, ఓటరు లిస్టు పెట్టుకుని బడి వరండాలో కూర్చున్న బల్ల దగ్గరో ఈ మాట వినని ఘరానా మనలో ఉండదు. వింటాం, 'నసీబ్ మే నహీఁ థా' అనుకుంటాం, ఇంటికొచ్చేస్తాం. నేనంటాను, ఇది పచ్చి ఝూట్. కంప్యూటర్ తనంతట తాను ఎవరి పేరూ తీసేయదు. ఎవరో ఒక ఇన్సాన్ కుర్చీలో కూర్చుని, "ఇలాంటి లైను కనబడితే తీసెయ్" అని దానికి హుకుం రాసి ఉంటాడు. ఆ ఇన్సాన్ చాయ్ తాగడానికి వెళ్లిపోతాడు, నింద మాత్రం మెషీన్ మీద పడుతుంది.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటారా? అలాంటి హుకుం రాసినవాణ్ని ఒకసారి నేనే కాబట్టి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగులో. ఆ తర్వాత బతుకంతా పత్రిక డెస్కులో. కంప్యూటర్ చదువు చదవలేదు. పాత అను ఫాంట్లలో ఉన్న వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చాల్సి వచ్చినప్పుడు డెస్కులో ఉన్న ఒక తమ్ముడు నాకు కాస్త పైథాన్ నేర్పాడు. ఫైలు తెరువు, ఒక్కో లైను చదువు, దాన్ని మార్చు, ఇంకో ఫైల్లో రాయి. హునర్ అంతే. చేత్తో చేస్తే వారం పట్టే పని కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంటే జాదూలా ఉండేది. ఆ నషాలోనే గల్తీ చేశాను.

ఒక రంజాన్ ముందు మా బస్తీ కమిటీ వాళ్లు రేషన్ కిట్ల కోసం పేర్ల జాబితా తెచ్చారు. ముగ్గురు కుర్రాళ్లు మూడు గల్లీలు తిరిగి ఫోన్లలో టైపు చేసి పంపింది. ఒకడు ప్రతి పేరు ముందూ నంబరు వేశాడు, ఒకడు కామాలు పెట్టాడు, ఇంకొకడు గీతలు గీశాడు. ఎక్కడ చూసినా అడ్డదిడ్డంగా ఖాళీలు. మొత్తం 312 లైన్లు. "ఇటివ్వండి, పది నిమిషాల్లో సాఫ్ చేసిస్తా" అన్నాను పెద్దమనిషిలా.

ఇరవై లైన్ల స్క్రిప్టు రాశాను. లైను చివర్ల ఖాళీలు కత్తిరించు. రెండు మూడు ఖాళీలుంటే ఒకటి చెయ్యి. పేర్లను పోల్చేముందు కామాలు, చుక్కలు, గీతలు పక్కన పెట్టు. ఒకే గల్లీలో ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటే ఉంచు. 312 లైన్లు లోపలికెళ్లి 305 బయటికొచ్చాయి. "ఏడు డూప్లికేట్లు పట్టాను" అని చెప్పాను. అందరూ షాబాష్ అన్నారు. ఆ ఏడు ఏవో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

పంచే రోజు ఒక ఖాలా వచ్చింది. షోహర్ పోయిన మనిషి, ఇళ్లలో పాచిపని చేసుకుంటుంది. కాగితంలో ఆమె పేరు లేదు. కుర్రాడు రెండుసార్లు వెతికి, "కంప్యూటర్ మే నామ్ నహీఁ హై ఖాలా" అన్నాడు. ఆమె గొడవ పడలేదు. నా వైపు చూసి, "క్యా బేటా, మేరా నామ్ కట్ గయా కతే" అని మెల్లగా అనేసి ఖాళీ సంచి మడుచుకుంది.

ఆ రాత్రి స్క్రిప్టు మళ్లీ తెరిచాను. దొంగ దొరికాడు. కామాలు, చుక్కలు తీసేయడానికి నేను రాసిన హుకుం ఇది: "అక్షరం, అంకె, ఖాళీ కానిదల్లా తీసెయ్." చదవడానికి ఎంత మాసూమ్‌గా ఉంది! కానీ పైథాన్‌తో పాటు వచ్చే మామూలు 'ఆర్ఈ' మాడ్యూలు దృష్టిలో 'అక్షరం' అంటే ఏమిటి? మన 'స' దానికి అక్షరమే, 'ల' అక్షరమే. గుణింతపు గుర్తులు మాత్రం కావు. దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు, సున్నా, వీటిలో ఏదీ దాని లెక్కలో అక్షరం కాదు. కామాతో పాటు వాటినీ ఊడ్చేసింది.

ఖాలా అసలు పేరు ఇక్కడ రాయను. ఆ గల్లీలో కలిసిపోయిన రెండు పేర్లు సలీమా, సల్మా అనుకోండి. సలీమాలో గుడిదీర్ఘం, చివరి దీర్ఘం తీసేయండి. మిగిలేది 'సలమ'. సల్మాలో పొల్లు, దీర్ఘం తీసేయండి. మిగిలేది 'సలమ'. రెండు ఇళ్లు, రెండు పొయ్యిలు, ఇద్దరు ఔరతులు నా స్క్రిప్టు లోపల ఒక్క మనిషైపోయారు. తెర మీద అసలు పేర్లే కనబడుతున్నాయి కాబట్టి, వెనకాల పోల్చుకునే చోట అది ఫాతిమాను 'ఫతమ'గా, షేక్‌ను 'షక'గా నమిలేస్తోందని నాకు తెలియలేదు. ఏడు 'డూప్లికేట్ల'లో నిజంగా రెండుసార్లు పడినవి మూడే. మిగతా నాలుగూ నాలుగు ఘరానాలు.

ఆ రాత్రే కిట్లు తీసుకుని నాలుగిళ్లకూ వెళ్లి మాఫీ అడిగాం. "కోయీ బాత్ నహీఁ బేటా" అంది ఖాలా. నాకు మాత్రం కాళ్లు వణికాయి. నేను పక్క గల్లీ వాణ్ని కాబట్టి ఆమె నన్ను చూసి ఒక మాట అనగలిగింది. ఇదే హుకుం ఏదో దఫ్తర్లో, ముఖం తెలియని మనిషి రాసి ఉంటే ఆమె ఎవరి వైపు చూడాలి?

ఇక్కడో సంగతి చెప్పాలి. గుణింతాలు అక్షరాలు కావన్నది కంప్యూటర్ల ఫిత్రత్ కాదు. పర్ల్ భాషలో ఇదే హుకుం రాస్తే, తెలుగును యూనికోడ్‌గా చదివిస్తే, గుణింతాలు పదంలో భాగంగానే ఉంటాయి. పైథాన్‌లోనే 'రీజెక్స్' అని విడిగా వేసుకునే మాడ్యూలు వాటిని సరిగ్గా చూస్తుంది. యూనికోడ్ వాళ్ల మార్గదర్శకాలు కూడా ఆ గుర్తులు పదంలో భాగమనే చెబుతాయి. అంటే ఎక్కడో ఎవరో ఒక ఫైసలా చేశారు, ఆ ఫైసలాలో మన సలీమా గుర్తు రాలేదు. ఆ తర్వాత నేను పరీక్షించకుండా వాడాను. మొదటి గల్తీ వాళ్లది, రెండోది నాది.

ఇది ఒక్క చిహ్నాల గొడవతో పోదు. లైన్లను కోసే పద్ధతిలోనే మన పేర్లకు కత్తి ఉంది. 1977లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 'ఆక్' అనే చిన్న భాష పుట్టింది. లైన్లను ముక్కలు చేసి తిరగరాయడంలో ఉస్తాద్. దాని పేరు, తయారు చేసిన ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలు: ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్. మనం వేరే చెప్పకపోతే అది ప్రతి లైనునూ ఖాళీ దగ్గర కోసి, ముక్కలకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లేస్తుంది. 1987లో వచ్చిన పర్ల్‌లోనూ, 1991లో వచ్చిన పైథాన్‌లోనూ ఖాళీ దగ్గర కోయడం అంతే ఆసాన్. ముగ్గురి పేర్లతో తయారైన పనిముట్టు మన పేర్లను కోస్తోంది చూడండి! పనిముట్టుది తప్పు కాదు. ఖాళీ దగ్గర పేరు తెగుతుందని అనుకున్నవాడిది.

ఎందుకంటే మన పేరు ఖాళీ దగ్గర తెగదు. 'షేక్ మహబూబ్ బాషా'ను కోసి మొదటి ముక్కను ఫస్ట్ నేమ్, చివరి ముక్కను లాస్ట్ నేమ్ అంటే ఆ మనిషి 'షేక్ బాషా' అవుతాడు. అమ్మ పిలిచే మహబూబ్ మాయం. ఆంధ్రలో మన షేక్, సయ్యద్, పఠాన్ తెలుగువాళ్ల ఇంటిపేరులా ముందు వస్తాయి. చివర వచ్చే బేగం, బీ, ఖాతూన్ ఇంటిపేర్లు కావు. ఒక గది నిండా ఉన్న మన పిల్లల్ని ఫస్ట్ నేమ్‌తో పిలిస్తే సగం మంది 'షేక్' అని ఒకేసారి లేస్తారు.

'అబ్దుల్ రహమాన్'ను కోస్తే ఇంకా ఘోరం. 'అబ్దుల్' అంటే 'ఫలానావాడి బందా' అన్నంత వరకే. ఎవరి బందానో చెప్పే సగం రెండో గడిలోకి పోయింది. ఆ రెండో గడి చూసి ఒక మనిషిని వట్టి 'రహమాన్' అని పిలుస్తారు. అది ఎవరి పేరో మీకు నేను చెప్పాలా?

సరిచేసేవాళ్ల జుల్మ్ మరో రకం. 'ఎస్, కే' అని ఇంగ్లీషులో పొట్టిగా రాసినచోటల్లా 'షేక్' అని మార్చమన్నాడనుకోండి ఒక మేధావి. స్కందగిరిలో ఉండేవాళ్ల అడ్రసు 'షేకందగిరి' అయి కూర్చుంటుంది. 'ఎం, డీ'ని మహమ్మద్ చేయమంటే, ఎం.డి. చదివిన డాక్టరు రెడ్డిగారు డాక్టర్ రెడ్డి మహమ్మద్ అవుతారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, ముహమ్మద్ నాలుగింటినీ ఒకటి చేసి 'జాబితా అందంగా ఉంది' అనేవాణ్ని చూసి నవ్వకండి. ఒక తాలిబ్-ఎ-ఇల్మ్ సర్టిఫికెట్‌లో 'మొహమ్మద్' ఉంటే, జాబితాలో 'మహమ్మద్' అయిన ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు తాను తానేనని గవాహీ తెచ్చుకుంటూ తిరగాలి.

మా భాంజీ పేరులో నాలుగు ముక్కలు. ఒక పరీక్ష హాల్‌టికెట్‌లో రెండే వచ్చాయి. అడగడానికి వెళ్తే, "అఫిడవిట్ తెచ్చుకోండి. అయినా మీ పేర్లు అంత పొడుగెందుకమ్మా, చిన్నది చేసుకోవచ్చుగా" అన్నారు. ఇంటికొచ్చి అడిగింది: "మామూ, గల్తీ నా నామ్‌దా, వాళ్ల ఫారందా?" ఆ బిడ్డకు నేనిచ్చిన జవాబే ఈ వ్యాసం. ఫారందే బేటీ. నీ పేరు నీ వాలిదైన్ ఆలోచించి పెట్టింది. ఆ గడి ఎవరో ఆలోచించకుండా గీసింది.

ఇదంతా ఇంటి ముచ్చటే అనుకుంటే పొరపాటు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే సర్కారీ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లను, అడ్రసులను సాఫ్ట్‌వేర్‌తో జోడించి, ఈ లైనూ ఆ లైనూ ఒకే మనిషివా కాదా అని తేలుస్తుంది. రేషన్ కార్డుకు అర్హులెవరో తేల్చడానికి దాన్ని వాడారు. రిక్షా తొక్కి బతికిన ఒకాయన్ని, దాదాపు అదే పేరున్న మరొకరి కారుకు మాలిక్‌గా లెక్కకట్టి, ఆ కుటుంబానికి రేషన్ ఆపేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రెండు పేర్లకూ మధ్య తేడా ఒక ముక్క. ఆయన బేవా సంవత్సరాల తరబడి తిరిగింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ఆ రద్దులన్నీ పేర్ల గందరగోళం వల్లేనని నేను అనను. కానీ నా ఇరవై లైన్ల స్క్రిప్టుకూ ఆ పెద్ద మెషీనుకూ ఒక పోలిక ఉంది. రెండూ 'ఈ ఇద్దరూ ఒకరే' అని తేల్చేశాయి, గడప తొక్కి అడగలేదు.

"ఇన్ని రకాల పేర్లకు ఎవడు రాస్తాడు సాబ్, ఏదో ఒక పద్ధతి ఉండాలి కదా" అంటారు. వాళ్లకు మన బుజుర్గుల్ని చూపిస్తాను. హదీస్ రావీల పేర్ల మీద మనవాళ్లు ఒక పూర్తి ఇల్మ్ కట్టారు. రాతలో ఒకేలా ఉండి పలకడంలో వేరయ్యే పేర్లకు 'ముఅతలిఫ్ వ ముఖ్తలిఫ్' అని విభాగం పెట్టారు. సలాం, సల్లాం దానికి పాత ఉదాహరణ. గుర్తులు లేకుండా అరబీలో రాస్తే రెండూ ఒకటే, మనుషులు వేరు. దారకుత్నీ ఆ విషయం మీద కితాబ్ రాశారు. పేరు అచ్చంగా ఒకటే అయి మనుషులు వేరైన చోటుకు 'ముత్తఫిఖ్ వ ముఫ్తరిఖ్' అన్నారు. దాని మీద ఖతీబ్ బగ్దాదీ రాశారు. ఆయన 1071లో చనిపోయారు. తొమ్మిది వందల యాభై ఏళ్ల కిందట, కలమూ కాగితమూ తప్ప ఏమీ లేని మనుషులు, ఇద్దరిని ఒకరిగా లెక్కించకుండా ఉండడానికి ఉమర్ ధారపోశారు. వాళ్ల వారసుణ్ని నేను, తెరిచి చూడకుండా ఏడు లైన్లు తీసేశాను. అంతకంటే షరం ఏముంది?

ఇక మనవాళ్లతో ఒక మాట. సర్కారును తిట్టడం ఆసాన్. మన మస్జిద్ కమిటీ, మన జకాత్ జాబితా, మన స్కూలు రిజిస్టరు, మన షాదీ ఖర్చుల సాయం లిస్టు, ఇవన్నీ ఇప్పుడు ఫైళ్లే. వీటిని సాఫ్ చేస్తున్నది మన పిల్లలే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బీటెక్ చదివిన బిడ్డ ఉంటుంది. కంపెనీలో పొద్దంతా ఇలాంటి లైన్లే తిరగరాస్తుంది. ఆమెను పిలిచి కూర్చోబెట్టండి. నేను దెబ్బ తిని నేర్చుకున్న షర్తులు ఇవి.

ఒకటి: అసలు ఫైలు అమానత్. దాన్ని ముట్టుకోకండి. మార్పులన్నీ కాపీలో. సాఫ్ చేసిన ఫైలు మీద నమ్మకంతో అసలుది చెరిపేస్తే, ఆ రోజు నుంచి ఖాలాకు సాక్షి లేదు.

రెండు: ఎన్ని లైన్లు వెళ్లాయి, ఎన్ని వచ్చాయి, హిసాబ్ చూపాలి. తగ్గిన ప్రతి లైనూ పూర్తి పేరుతో ఇంకో ఫైల్లో పడాలి. ఏడు తగ్గాయంటే ఆ ఏడూ కళ్లతో చదవాలి.

మూడు: స్క్రిప్టు పని షక్ చెప్పడం, ఫైసలా చెప్పడం కాదు. 'ఈ రెండూ ఒకటేనేమో' అని జాబితా ఇవ్వమనండి. తేల్చేది ఆ గల్లీకి వెళ్లి అడిగే మనిషి.

నాలుగు: పేరుకు ఒకే గడి. ఆ మనిషి చెప్పింది చెప్పినట్టు, ఎన్ని ముక్కలైనా. ముక్కలుగా కోయాల్సివస్తే ఎక్కడ కోయాలో ఆ మనిషినే అడగాలి. ఖాళీని అడిగితే చెప్పదు.

ఐదు: ఖాళీలు, కామాలు సరిచేయడానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. స్పెల్లింగ్ సరిచేయడానికి కావాలి. రెండింటి మధ్య గీత దాటకండి.

ఆరు: రాసిన స్క్రిప్టును మన పేర్ల మీదే పరీక్షించండి. సలీమా, సల్మా ఇచ్చి చూడండి. ఉర్దూలో అయితే రహీం రెండుసార్లు రాసి చూడండి, ఒకసారి ఉర్దూ కీబోర్డుతో, ఒకసారి అరబీ కీబోర్డుతో. పేరు మధ్యలో వచ్చే 'యే' కంటికి ఒకేలా కనబడుతుంది. యూనికోడ్‌లో అరబీ 'యే'కు ఒక నంబరు, ఉర్దూ 'యే'కు ఇంకో నంబరు. అక్కడ ఒకే రహీం ఇద్దరవుతాడు. తెలుగులో ఇద్దరు ఒకరవడం, ఉర్దూలో ఒకరు ఇద్దరవడం, రెండు బలాలూ మనకే రాసిపెట్టి ఉన్నాయి.

ఈ షర్తులు పాటిస్తే పని ఆలస్యమవుతుందంటారు. అవుతుంది. తర్వాతి రంజాన్‌కు మా జాబితా పది నిమిషాల్లో కాలేదు, రెండు సాయంత్రాలు పట్టింది. స్క్రిప్టు తొమ్మిది జంటల మీద షక్ చూపింది. కుర్రాళ్లు కాగితం పట్టుకుని తొమ్మిది చోట్లకీ వెళ్లారు. ఖాలా ఇంటికి నేనే వెళ్లాను. "ఫిర్ ఆగయా క్యా బేటా, నామ్ కాట్నే?" అని నవ్వింది. కాదు ఖాలా, ఉందో లేదో చూడమని వచ్చానని కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు. నేను వేలు పెట్టి చూపించిన లైను మీద తనూ వేలు పెట్టి, గల్లీ పేరు కూడా చదివించుకుని, అప్పుడు 'ఠీక్ హై' అంది.

ఇకమీదట ఎవరైనా మీతో "కంప్యూటర్ తీసేసింది" అంటే వెనక్కి తిరిగి రాకండి. అదబ్‌తోనే అడగండి: తీసెయ్యమని రాసిందెవరు? తీసేసిన వాటి జాబితా ఎక్కడ? అసలు ఫైలు ఉందా? ఈ మూడు సవాళ్లు మీ పిల్లలకూ నేర్పండి. వాళ్లలో ఒకరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు.